అమ్మవారున్న ఇంట్లో సూది

ఆ ఎండాకాలమంతా నా చేతులు నా మాట వినలేదు.

బస్సులో కూర్చుంటే ఒళ్లో ఉన్న బ్యాగు జిప్పు లాగి మూసేవి. క్లాసులో పెన్ను మూతను తీసి పెట్టి తీసి పెట్టి అలిసిపోయేవి. అన్నం ముందు కూర్చుంటే కంచం అంచు మీద బొటనవేలు దానంతటదే ముందుకు జారేది, సిరంజి నొక్కుతున్నట్టు. నర్సింగ్ రెండో సంవత్సరం. రోగికి మందు ఇవ్వడం ఎలాగో నేర్పించే నెలలవి. మాత్ర మింగించడంతో మొదలై, తర్వాత కండలోకి, ఆ తర్వాత చర్మం కిందికి.

మొదట మాకు ఒక రబ్బరు చెయ్యి ఇచ్చారు. మా ముందు ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు గుచ్చారో, దాని చర్మం జల్లెడలా ఉండేది. దాని మీద నా సూది ఒక్కసారి కూడా తడబడలేదు.

"నీ చెయ్యి బాగుంది భువనేశ్వరీ," అన్నారు నవీన మేడమ్. మాకు ఇంజెక్షన్లు నేర్పించేది ఆమే. "కానీ ఈ రబ్బరు చెయ్యి నిన్ను వద్దనదు. అది గుర్తుపెట్టుకో."

వద్దనే మనిషి వార్డులో మొదటి రోజే దొరికాడు. శాంతయ్య అని సత్యవేడు పక్క రైతు. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మందు ఇచ్చే ముందు రోగి తన పేరు తానే చెప్పాలి. మనం పేరు పిలిచి ఊ అనిపించుకోకూడదు, జ్వరంలో ఉన్నవాడు ఏ పేరుకైనా ఊ అంటాడు. అది మాకు నేర్పిన మొదటి పాఠం. నేను ట్రే పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను.

"మీ పేరు చెప్పండి పెద్దాయనా."

ఆయన ఇటు తిరిగి నన్ను, నా ట్రేని, నా వెనక నిలబడ్డ పిల్లల్ని చూశాడు.

"నా పేరు యాల నీకు? కొత్త పాపవి గదా నువ్వు. నా చెయ్యేమన్నా పలకా, దిద్దుకునేదానికి? పో. పెద్ద నర్సమ్మను పిల్చుకోనిరా."

పక్క మంచాల వాళ్లు నవ్వారు. నా చేతిలో ట్రే గలగలమంది. మేడమ్ వచ్చి అడిగితే ఆయన పేరు, ఊరు, తండ్రి పేరుతో సహా చెప్పి చెయ్యి చాపాడు.

తర్వాత వరండాలో మేడమ్ నాతో అన్నారు: "వద్దనడం ఆయన హక్కు. బలవంతం చేయకూడదు. కానీ వద్దన్నాడని రాసేసి వచ్చేస్తే సగం పనే చేసినట్టు. ఎందుకు వద్దంటున్నాడో అడగాలి."

"అడిగితే చెప్తారా మేడమ్?"

"మొదట అబద్ధం చెప్తారు. మళ్లీ అడగాలి."

ఆ సాయంత్రం బస్సులో నేను దాని గురించి ఆలోచించలేదు. నా చెయ్యి ఎందుకు వణికిందా అనే ఆలోచించాను. హాస్టల్లో నీళ్లు లేక, ఆ వేసవంతా నగరి నుంచి తిరుపతికి రోజూ వచ్చిపోయేదాన్ని. వడమాలపేట దాటేదాకా మామిడికాయల లారీల వెనకే మా బస్సు పాకేది. కిటికీలోంచి పచ్చి మామిడి వాసన, డీజిల్ వాసన కలిసి వచ్చేవి. రోడ్డు మీద నడిచే ప్రతి మనిషి చెయ్యీ నాకు విడిగా కనిపించేది. మోచేయి, భుజం, కండ. సూది ఎక్కడ దిగుతుందో చూసుకుంటూ పోయేదాన్ని. మనుషుల మొహాలు తర్వాత గుర్తుండేవి కావు.

ఇంటికి రాగానే నాయన కనిపించాడు.

నాయన పేరు చెంగల్రాయుడు. ముందు రెండు గదుల ఇల్లు, మధ్యలో వాకిలి, వాకిలి అవతల మరమగ్గాల కొట్టం. పొద్దున మగ్గాలు మొదలైతే చీకటి పడేదాకా మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. నాయనకు షుగరు ఎప్పట్నుంచో ఉంది. పోయిన వానాకాలం నుంచి మాత్రలు చాలక ఇన్సులిన్ రాశారు. పొద్దున తిండికి ముందు ఒకసారి, రాత్రి తిండికి ముందు ఒకసారి. వీధి మూలనున్న ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్లి వేయించుకుని వచ్చేవాడు.

"ఇంక ఆడికి పోబళ్లేదు నాయనా, నేనేస్తా," అన్నాను.

"నువ్వా? నీ రబ్బరు చెయ్యి ఏమైంది?"

"అది పాతబడిపోయింది."

"ఓహో. అందుకని ఈ పాత చెయ్యి కావాల్సి వచ్చిందా?" అని నవ్వి కూర్చున్నాడు.

నేను వార్డులో చేసినట్టే చేశాను. ట్రేకి బదులు స్టీలు తట్టలో దూది, సీసా, సిరంజి సర్దాను. చేతులు కడుక్కున్నాను. మబ్బుగా ఉండే ఆ మందు సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాను. తర్వాత ఎదురుగా నిలబడి, "మీ పేరు చెప్పండి," అన్నాను.

నా చెల్లెలు చాందిని పకపకా నవ్వింది.

"నా పేరు చెంగల్రాయుడు. ఊరు నగరి. నిన్ను కన్నోన్ని," అన్నాడు నాయన. "ఇంకేమన్నా కావల్నా? ఆధార్ కార్డు?"

కడుపు మీద చర్మం రెండు వేళ్లతో పట్టి సూది దింపాను. నా చెయ్యి వణకలేదు. కొంచెం కూడా. ఆ నిలకడ ఎంత హాయిగా ఉండిందంటే, మర్నాడు బస్సులో నా చేతులు జిప్పు జోలికి పోలేదు.

ఆ తర్వాత అది రోజూ జరిగింది. వార్డులో వణికిన చేతిని ఇంటికి తెచ్చి నాయన ఒంటి మీద సరిచేసుకునేదాన్ని. పేరు అడిగేదాన్ని, ఆయన చెప్పేవాడు. మొదట్లో రోజుకో రకంగా చెప్పేవాడు. నగరి జమీందారు అనేవాడు, చాందినికి నాయన అనేవాడు. కొన్నాళ్లకు ఒట్టి పేరే చెప్పడం మొదలుపెట్టాడు. నేను దాన్ని రోగి సహకరిస్తున్నాడని అనుకున్నాను.

మే నెల మొదట్లో చాందినికి జ్వరం వచ్చింది. మర్నాటికి మెడ కింద నీటి బుడగల్లాంటి పొక్కులు. మా అవ్వ గంగులమ్మ ఆ పిల్ల గడ్డం పైకెత్తి చూసి, చెంపలేసుకుని, వెంటనే గొంతు తగ్గించింది.

"తల్లి వచ్చిండాది," అంది.

అంతే, ఇల్లు మారిపోయింది. గడపకు వేపమండలు కట్టారు. పొయ్యి మీద తాలింపు ఆగిపోయింది. ఎవరూ తల దువ్వకూడదు. బట్టలు కుట్టకూడదు, గుండీ ఊడినా సూదీ దారం పట్టకూడదు. తల్లి చల్లబడేదాకా చప్పుడు వద్దని నాయన మగ్గాలు కూడా ఆపేశాడు. మా వీధిలో నిశ్శబ్దం అంటే కరెంటు పోయిందని అర్థం. ఇప్పుడు కరెంటు ఉంది, చుట్టూ అందరి మగ్గాలూ ఆడుతున్నాయి, మావి మాత్రం నోరు మూసుకున్నాయి. పన్ను ఊడిన సందులోకి నాలుక మాటిమాటికీ పోయినట్టు నా చెవి ఆ ఖాళీలోకి పోయేది.

ఆ రాత్రి తిండికి ముందు నేను తట్ట పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంట్లో తల్లి ఉండాది గదా మే," అన్నాడు. "ఇప్పుడు సూది యాల?"

అని, అవ్వ ఉన్న గదివైపు చూశాడు. చాందినిని పడుకోబెట్టిన గది అది. అవ్వ లోపల వేపకొమ్మతో విసురుతోంది.

ఆ ఒక్క చూపుతో నాకు అంతా అర్థమైందనుకున్నాను.

"వేలికి గుచ్చి షుగరన్నా చూస్తా నాయనా."

"అది మాత్రం సూది గాదా?"

మేడమ్‌కు ఫోన్ చేసి చెల్లెలికి అమ్మవారు పోసిందని చెప్పాను. పొక్కులు ఎండేదాకా వార్డుకు రావద్దన్నారు. ఒక్క రోజులో నాకు వార్డు లేదు, ఇంట్లో సూది లేదు. చేతులు మళ్లీ మొదలుపెట్టాయి. గోడ మీద సున్నం గీకేవి. చాపలోంచి ఈనెలు లాగేవి.

వింత ఏమిటంటే, ఆ మొదటి రోజుల్లో నాయన హుషారుగా ఉన్నాడు. పొద్దున్నే వాకిట్లో కూర్చుని, చాందినికి వినపడేలా గట్టిగా పాత జోకులు చెప్పేవాడు. "ఏమ్మే చాందినీ, తల్లి నీ మొగాన ముగ్గేసి పోతా ఉండాది, కదలొద్దు," అనేవాడు. లోపల్నుంచి అవ్వ కసిరేది: "గమ్మునుండు రా, తల్లితో పరాచికాలా!" నాకు ఆయన మీద జాలి వేసేది. మందు లేకపోతే ఒంట్లో ఏం జరుగుతుందో తెలియని మనిషి నవ్వు అది అనుకునేదాన్ని.

నాకు తెలుసు. అదే నా బాధ. పుస్తకంలో చదివిన పేజీ మా ఇంట్లో లేచి తిరగడం మొదలుపెట్టింది. నాయన కుండ దగ్గరికి పోయి చెంబు ముంచుకుని తాగేవాడు. వచ్చి కూర్చునేవాడు. మళ్లీ లేచి పోయేవాడు. నేను కళ్లు మూసుకున్నా చెంబు చప్పుడు వినపడేది. మాటల మధ్యలో పెదాలు తడుపుకునేవాడు. మధ్యాహ్నం ఎప్పుడూ పడుకోని మనిషి, అరుగు మీద కూర్చునే కునికేవాడు.

కోపమంతా అవ్వ మీదికి పోయింది. ఆమెతో నేను లోలోపల పోట్లాడేదాన్ని. నీ కొడుకా, నీ నమ్మకమా, ఏది కావాలి నీకు అని అడిగేదాన్ని. ఆమె ఏదో జవాబు చెప్పేది, అదీ నేనే కల్పించేదాన్ని, దానికి ఇంకా గట్టి జవాబు ఇచ్చేదాన్ని. ఆ పోట్లాటల్లో ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. నిజంగా మాత్రం ఆ గదిలోకి పోయి చాందినికి మజ్జిగ ఇచ్చి, అవ్వ వైపు చూడకుండా వచ్చేసేదాన్ని. ఎందుకు నోరు విప్పలేదో అప్పుడు నన్ను నేను అడుక్కోలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, అడిగితే ఆ పోట్లాట నా చేతుల్లోంచి జారిపోతుందని ఎక్కడో తెలిసి ఉంటుంది. ఒక శత్రువు ఉంటే చేతులకు కొంచెం పని దొరికినట్టు ఉండేది.

ఒక పొద్దున అమ్మ బాత్రూం కడిగి వచ్చి కొంగుతో చేతులు తుడుచుకుంటూ నన్ను పక్కకు పిలిచింది.

"బాత్రూం కాడ చీమలు బారులు కట్టినాయి మే. మీ నాయన పోయొచ్చిన చోటే."

అమ్మ నా చదువు చదవలేదు, కానీ ఆ చీమలు చక్కెర కోసమే వచ్చాయని ఆమెకూ తెలుసు. నేను ఫోన్ తీసుకుని వీధిలోకి వచ్చాను.

"మేడమ్, పేషంటు మందు వద్దంటే ఏం చేయాలి?"

"ఏ పేషంటు? నువ్వు ఇంట్లో కదా ఉన్నావు."

"మా నాయన."

ఆమె వార్డులో అడిగినట్టే ఒక్కొక్కటీ అడిగారు. వాంతులు ఉన్నాయా. ఊపిరి వేగంగా తీస్తున్నాడా. పిలిస్తే సరిగ్గా పలుకుతున్నాడా. ఆ మూడింటిలో ఏది కనిపించినా ఎవర్నీ అడక్కుండా ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. ఇంతవరకు లేవన్నాను.

"ఎందుకు వద్దంటున్నాడు?"

"మా అవ్వ మేడమ్. అమ్మవారున్న ఇంట్లో సూది గుచ్చకూడదని."

"ఆ మాట ఎవరన్నారు? అవ్వ నీతో అన్నదా?"

ఎదురింటి మగ్గాల చప్పుడు ఫోన్లోకి పోతోంది.

"భువనేశ్వరీ, వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది మేడమ్," అన్నాను.

నేరుగా గదిలోకి పోయాను. చాందిని వేపాకుల మీద నిద్రపోతోంది. పొక్కులు కొన్ని మాడి నల్లబడ్డాయి. అవ్వ గోడకు ఆనుకుని వేపకొమ్మ ఊపుతోంది. ఇన్నాళ్లూ లోపల కూడబెట్టిన వాదనలన్నీ గొంతులోకి తెచ్చుకుని కూర్చున్నాను.

"అవ్వా, నాయనకు సూది యేయల్ల."

"యెయ్యి."

"ఇంట్లో తల్లి ఉండాది గదా?"

"ఉంటే? ఇంట్లో గాకపోతే కొట్టంలో యెయ్యి. దానికి గడప వేరే ఉండ్లా? నీకు తల్లి పోసినప్పుడు మీ తాతకు ఉబ్బసం. పక్కింటి కోదండమోళ్ల అరుగు మీద కూసోని సూది యేయించుకున్యాడు. తల్లి ఏమన్నా అన్యాదా? నీ మొగాన ఒక మచ్చుండాదా సూడు. రోగమేదో, ద్రోహమేదో ఆ యమ్మకు తెల్దా?"

"మరి నాయనకు ఈ మాట చెప్పలేదా?"

"మొదటి దినమే చెప్తిని. సరేమా అన్యాడు. మీరిద్దరూ కొట్టంలో యేస్తా ఉండారు అనుకొంటిని." వేపకొమ్మ ఆగిపోయింది. "యేయలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఇన్ని దినాలా? నేను వద్దన్యానని చెప్పినాడా వాడు?"

"చెప్పలేదు. నీ గదివైపు చూసినాడు."

"చూసినాడంట!" అని అవ్వ అరవబోయి, చాందిని కదలడంతో గొంతు దించింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమో భయమో తెలియలేదు. "ఈడ నేను బిడ్డ కోసరం తల్లిని బతిమాలుకుంటా ఉంటే, వాడు ఆ తల్లినే అడ్డం పెట్టుకున్యాడా? యాల మే?"

"తెల్దు అవ్వా."

"పో, అడుగు. నేనొస్తే వాడికి నామోషీ."

కొట్టంలో ఆస్బెస్టాస్ రేకుల కింద ఎండ ఉడుకుతోంది. నాయన ఆగిన మగ్గం ముందు పీట మీద కూర్చుని, తెగిన పడుగు పోగును ముడేస్తున్నాడు. మా వీధిలో కళ్లు మూసుకుని వేసే ముడి అది. పోగు కొస ఆయన వేళ్ల మధ్య నుంచి జారింది. మళ్లీ పట్టుకున్నాడు. అది ఆ పోగు కాదు, పక్క పోగు.

నేను చేతిలో తట్ట లేకుండా వచ్చి పక్క మగ్గం దిమ్మె మీద కూర్చున్నాను.

"అవ్వ వద్దనలేదంట."

ఆయన తల ఎత్తలేదు. "ఇంకెంత మే. నాలుగు దినాల్లో చాందినికి నీళ్లు పోస్తారు. అప్పుడు సూద్దాము."

"ఎందుకు వద్దు నాయనా?"

"నొప్పి."

నాయన భుజం మీద పెద్ద మచ్చ ఉంది. ఎప్పుడో మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరొచ్చి తగిలింది. కుట్లు వేస్తుంటే డాక్టరుతో నూలు ధర గురించి మాట్లాడాడని అమ్మ చెప్పేది.

"నొప్పి కాదు. ఎందుకు?"

"పోలీసోళ్ల మాదిరి ఉండావే," అని నవ్వబోయాడు. నవ్వు ఎండిన పెదాలకు అంటుకుపోయింది. పోగు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ మూల డాక్టరు ఉండాడే. వాడు టీవీ సూస్తా గుచ్చేవాడు. నేనూ టీవీ సూస్తా ఉంటిని. అయిపోయె. చొక్కా దించుకోని వచ్చేస్తిని. నువ్వట్ల గాదు. తట్ట తెచ్చి పెడతావు. పేరడగతావు. బనీను ఎత్తమంటావు. నిన్న యాడ గుచ్చినాము, ఈ పొద్దు యాడ అని నా కడుపు మీద వేలు పెట్టి ఎతుకుతావు. చాందిని సూస్తా ఉంటాది. మీ అమ్మ సూస్తా ఉంటాది. నువ్వు తప్పు సేస్తావని గాదు మే. బో బాగా సేస్తావు. అదే."

"అదే అంటే?"

"నిద్ర లేస్తానే నాకేమనిపిస్తాదో తెల్సునా? పాప లేచిందా అని గాదు. నర్సమ్మ లేచిందా అని." ఆయన గడప వైపు చూశాడు. "చాందినికి తల్లి దిగిన దినం, ఆ బిడ్డ ఒళ్లు కాలిపోతా ఉంటే, నాకు సెలవిచ్చినట్టు ఉండె. సంతోషంగా ఉండె. అది యెవురికి చెప్పేది?"

పక్కింటి మగ్గాలు ఒకే ఊపులో ఆడుతున్నాయి. వార్డులో వణికిన నా చెయ్యి ఇంట్లో ఎందుకు వణకలేదో ఆ చప్పుడులో కూర్చుని ఆలోచించాను. నాయన వద్దనడని తెలిసి. శాంతయ్య గోడవైపు తిరిగి పడుకోగలిగాడు. నాయనకు తిరగడానికి గోడ లేదు, ఇల్లంతా మాదే కదా. ఉన్నదల్లా అమ్మవారు ఒక్కటే.

నా బొటనవేలు మోకాలి మీద జారుతోంది. నాయన దాన్నే చూస్తున్నాడు. నేను ఆ చెయ్యి చున్నీ కిందికి లాక్కున్నాను.

"కండ్లు మసగ్గా ఉండాయా?"

"పోగు రెండుగా కనపడతా ఉండాది."

"భయం లేదా?"

"ఎందుకు లేదు? ఉండాది."

"అయితే మూల డాక్టరు దగ్గరికే పోదాం నాయనా. పొద్దా మాపూ ఆయనే వేస్తాడు. నేను రానులే."

"బాగుండాది. వాడు ఏమంటాడు? ఇంట్లో నర్సు బిడ్డను పెట్టుకోని ఈడికి వచ్చినావే, నీ బిడ్డకు చేతగాదా అంటాడు. ఊరంతా ఆడే కూసోని ఉంటాది. నువ్వు ఇంకా సదవల్ల. నీ పేరు యాల చెడగొట్టేది?"

అంటే ఆయన అప్పటికే అది కూడా ఆలోచించి వదిలేశాడన్న మాట. నా దగ్గరికి రాలేక, నా కోసం ఇంకో చోటికి పోలేక, ఈ పీట మీద కూర్చుని చెంబు మీద చెంబు నీళ్లు తాగుతున్నాడు. నాకు ఏడుపు రాలేదు. లేచి వాకిట్లోకి పరుగెత్తాలనిపించింది, ఏదో ఒకటి చేత్తో పట్టుకోవాలనిపించింది. కదలకుండా కూర్చోవడం అంత కష్టంగా ఎప్పుడూ లేదు.

"నువ్వే వేసుకో," అన్నాను.

"నేనా?"

"చాలామంది వాళ్లే వేసుకుంటారు. నేర్పిస్తా."

ఆయన నన్ను నిదానంగా చూశాడు. "నేర్పిస్తావా, యేస్తావా?"

"నేర్పిస్తా."

ఆ సాయంత్రం చాందినికి రసం పిండి ఇవ్వడానికి తెచ్చిన చీనీకాయల్లో ఒకటి, ఉత్త నీళ్లు నింపిన పాత సిరంజి తీసుకుని కొట్టంలో కూర్చున్నాం. తలుపు దగ్గరికి వేశాను. నాయన చీనీకాయను అరచేతిలో పెట్టుకుని దాని వైపు వంగి, నా గొంతు పెట్టి అడిగాడు:

"మీ పేరు చెప్పండమ్మా."

నేను నవ్వలేకపోయాను, ఆపుకోనూ లేకపోయాను.

"పలకదు మే ఇది. బో పొగరు."

"గుచ్చు నాయనా."

మొదటిసారి సూదిని వాల్చి పెట్టాడు, తొక్క మీద జారింది. నా చెయ్యి గాలిలోకి లేచింది. ఆయన దాని వైపు చూడగానే దించేశాను. నిటారుగా పెట్టమని నోటితో చెప్పాను. నోటితో చెప్పడం నాకు రాదని అప్పుడే తెలిసింది. ప్రతి మాటకీ నా వేళ్లు ముందు కదిలేవి, మాట వెనక వచ్చేది. రెండోసారి సూది దిగింది. మూడోసారి ఇంకా శుభ్రంగా దిగింది. చీనీకాయలోంచి నీళ్లు కారి ఆయన మణికట్టు మీదికి వచ్చాయి.

"పాపం, ఏడస్తా ఉండాది," అన్నాడు.

తర్వాత అసలు మందు. సీసాను అరచేతుల మధ్య దొర్లించాడు, నూలు కండె దొర్లించినట్టు. కొత్త సిరంజిలోకి లాగాడు. మసక కళ్లతో గీతలు కనపడక, తలుపు సందులోంచి వస్తున్న వెలుగుకు పట్టి, నా వైపు చాపాడు.

"గీత కాడికి వచ్చిందా?"

నేను వంగి చూశాను. ఒక చిన్న బుడగ ఉంది. గోటితో తట్టమన్నాను. తట్టాడు. అది పైకి పోయి మాయమైంది.

"వచ్చింది."

బనీను అంచు పట్టుకుని ఆగిపోయాడు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన మొహంలో ఎప్పట్నుంచి ఉందో నాకు తెలియని ఒక బిడియం, అప్పుడు మొదటిసారి చూశాను.

"నువ్వు అట్ల తిరుక్కో."

మొదటిసారి వేసుకునే రోగిని విడిచిపెట్టి కళ్లు తిప్పుకోకూడదు. చెయ్యి ఆగిపోవచ్చు. సగం నొక్కి తీసేయవచ్చు. భయపడి, మందు నేల మీద చిమ్మేసి వేసుకున్నానని చెప్పవచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. నేను తిరిగి మగ్గం వైపు నిలబడ్డాను. ఎదురుగా తెగిన పోగులు వేలాడుతున్నాయి. వెనక ఏమీ వినపడలేదు. పక్కిళ్ల మగ్గాల హోరులో సూది చప్పుడు ఎలా వినపడుతుంది? నా వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకున్నాయి. ఊపిరి లెక్కపెట్టుకోబోయి మానేశాను.

"అయింది," అన్నాడు నాయన.

తిరిగి చూసేసరికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. వాడిన సిరంజిని నేను చెప్పినట్టే ఖాళీ పౌడరు డబ్బాలో వేసి మూత బిగించాడు. డబ్బా పీట పక్కనే ఉంది. మూత తీసి చూస్తే తెలిసిపోతుంది. నేల మీద తడి ఉందేమో వంగి చూసినా తెలిసిపోతుంది.

"ఆకలిగా ఉండాది మే," అన్నాడు, నా కళ్లు ఎక్కడున్నాయో చూస్తూ.

"రా నాయనా. అరగంటలోపు తినల్ల."

వాకిలి దాటి వంటింట్లోకి పోయాను. తాలింపు లేని పప్పు, సంగటి. అమ్మ తెడ్డు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. అవ్వ కూడా గది గుమ్మంలోకి వచ్చి నన్నే చూస్తోంది.

"యేసుకున్నాడా?" అంది అమ్మ.

కంటితో చూడనిదాన్ని ఇచ్చినట్టు చెప్పకూడదు. మా పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు. సంగటి మీద ఆవిరి లేస్తోంది. బయట నాయన తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినపడుతోంది.

"యేసుకున్నాడు," అన్నాను. "పెట్టుమా, ఆలస్యం చేయొద్దు."